గొంతు, ముక్కు, చెవి ఇన్ఫెక్షన్లు: మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జలుబు, గొంతు నొప్పి వస్తే యాంటీబయోటిక్ అవసరమా?

చాలాసార్లు అవసరం ఉండదు. ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర, దగ్గు అన్నీ కలిసి వచ్చాయంటే కారణం దాదాపుగా వైరస్సే. ఒక్క రైనోవైరస్‌లోనే 150కి పైగా రకాలున్నాయి. యాంటీబయోటిక్ బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే గోడనో, అది ప్రోటీన్ తయారుచేసుకునే రైబోజోమ్‌నో దెబ్బతీస్తుంది. వైరస్‌కు ఆ రెండూ లేవు, కాబట్టి మందు పడ్డా దానికి ఏమీ కాదు. గొంతు నొప్పితో వచ్చే పిల్లల్లో 20 నుంచి 30 శాతం మందికి, పెద్దల్లో 5 నుంచి 15 శాతం మందికి మాత్రమే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా కారణం. పెద్దలకు వచ్చే జలుబుల్లో బ్యాక్టీరియా సైనసైటిస్‌గా ముదిరేవి సుమారు 2 శాతానికి మించవు.

అయితే ఆ కొద్దిపాటి కేసుల్లో ఉండే బ్యాక్టీరియా ఏవి?

ముఖ్యంగా నాలుగు. గొంతులో చీము పట్టించేది స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్, దీన్నే గ్రూప్ ఏ స్ట్రెప్ అంటారు. చెవిలో, సైనస్‌లలో చేరేవి న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, మొరాక్సెల్లా కెటరాలిస్. రెండో దాని పేరు చూసి చాలామంది ఫ్లూ అనుకుంటారు. ఫ్లూ వైరస్ వేరు, ఇది బ్యాక్టీరియా.

ఈ నాలుగూ మందును తప్పించుకునే తీరు ఒకేలా ఉండదు. ఈ పేజీలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. ‘పవర్ ఎక్కువ ఉన్న మందు’ అనేది ఈ జబ్బుల్లో అర్థం లేని మాట. ఏ బ్యాక్టీరియాకు ఏ మందు అన్నదే లెక్క.

ఎక్కువసార్లు వాడితే ఒళ్లు మందుకు అలవాటు పడిపోతుందంటారు. నిజమేనా?

కాదు. నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, వచ్చేది బ్యాక్టీరియాకు, మనిషి ఒంటికి కాదు. జీవితంలో ఒక్క యాంటీబయోటిక్ కూడా మింగని పసిపిల్లకు సైతం మందుకు లొంగని న్యుమోకాకస్ అంటుకోవచ్చు. ఇంట్లో అన్నకో, బడిలో పక్క పిల్లాడికో వాడిన మందు తట్టుకుని మిగిలిన బ్యాక్టీరియా తుమ్ముతో, చేతులతో ఈ పాపకు చేరుతుంది. ‘నేనెప్పుడూ మందులు వాడను, నాకేం కాదు’ అనే ధీమా అందుకే పనికిరాదు.

ఇంకో విషయం. ఈ బ్యాక్టీరియా జబ్బు లేనప్పుడు కూడా ముక్కులో, గొంతులో మామూలుగా కాపురం ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో దాదాపు 12 శాతం మంది గొంతుల్లో గ్రూప్ ఏ స్ట్రెప్ ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. వైరస్ జలుబుకు యాంటీబయోటిక్ వేసినప్పుడు దెబ్బ తగిలేది ఈ కాపురం ఉన్న వాటికే. లొంగేవి చచ్చి, లొంగనివి ఆ ఖాళీలో పెరుగుతాయి. జలుబు మాత్రం తన దారిన తాను తగ్గుతుంది.

బ్యాక్టీరియా మందును ఎలా తప్పించుకుంటుంది?

పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి బ్యాక్టీరియా గోడ కట్టే ప్రోటీన్లను పట్టుకుని పని ఆపేస్తాయి. మేస్త్రీ చేతులు కట్టేసినట్టన్నమాట. గోడ పూర్తికాక కణం పగిలిపోతుంది.

న్యుమోకాకస్ ఆ మేస్త్రీ చేతుల ఆకారాన్నే మార్చుకుంది. మందు వాటిని గట్టిగా పట్టుకోలేదు. ఈ మార్పును అది సొంతంగా కనిపెట్టలేదు. నోటిలో హాయిగా బతికే స్ట్రెప్టోకాకస్ మైటిస్ వంటి బంధువుల నుంచి జన్యువుల ముక్కలు తీసుకుని తన జన్యువుల్లో అతికించుకుంది. బయట పడి ఉన్న డీఎన్ఏను లోపలికి లాక్కోవడంలో న్యుమోకాకస్ దిట్ట. 1928లో గ్రిఫిత్ అనే శాస్త్రవేత్త గమనించింది ఈ గుణాన్నే. 1944లో ఏవరీ, మెక్‌లియోడ్, మెక్‌కార్టీ దీని ఆధారంగానే వారసత్వ పదార్థం డీఎన్ఏ అని తేల్చారు. ఆధునిక జన్యుశాస్త్రానికి తలుపు తీసిన గుణమే నేడు పిల్లల చెవి ఇన్ఫెక్షన్లలో తలనొప్పిగా మారింది.

ఇక్కడ ఒక ఊరట ఉంది. మార్పు చెందిన ప్రోటీన్‌కు మందు పట్టు తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు. మోతాదు పెంచితే చాలా రకాలు మళ్లీ లొంగుతాయి. చెవి ఇన్ఫెక్షన్‌కు అమాక్సిసిలిన్ ఎక్కువ డోసులో రాసేది ఇందుకే.

హీమోఫిలస్, మొరాక్సెల్లాల పద్ధతి వేరు. అవి బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్‌ను వదిలి మందు అణువునే కత్తిరించేస్తాయి. మొరాక్సెల్లాలో 90 శాతానికి పైగా రకాలకు ఈ కత్తెర ఉంది. హీమోఫిలస్‌లో కొన్నిటికే ఉంటుంది, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మందు ముక్కలైపోతున్నప్పుడు డోసు పెంచి ఫలితం లేదు. కత్తెరకు అడ్డం పడే క్లావులానిక్ యాసిడ్‌ను జోడించాలి. హీమోఫిలస్‌లో ఎంజైమ్ లేకుండానే, న్యుమోకాకస్ తరహాలో గోడ ప్రోటీన్‌ను మార్చుకున్న రకాలూ ఉన్నాయి. వాటి మీద క్లావులానిక్ కూడా పనిచేయదు.

అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్‌లు మాక్రోలైడ్ కుటుంబం. ఇవి రైబోజోమ్‌కు అతుక్కుంటాయి. వీటికి ఎదురు తిరగడానికి స్ట్రెప్, న్యుమోకాకస్‌లకు రెండు దారులున్నాయి. ‘మెఫ్’ జన్యువు ఉంటే లోపలికి వచ్చిన మందును పంపులా బయటికి తోడేస్తుంది. ‘ఎర్మ్’ జన్యువు ఉంటే రైబోజోమ్ మీద మందు అతుక్కునే చోట మిథైల్ గుంపు అనే చిన్న రసాయన ముక్కను తగిలిస్తుంది, ఇక మందుకు చోటుండదు. పంపు రకం క్లిండామైసిన్‌కు లొంగుతుంది. ఎర్మ్ రకం సాధారణంగా దానికీ లొంగదు.

పెన్సిలిన్ పాతబడిపోయింది కదా, గొంతు స్ట్రెప్‌కు ఇంకా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఎనభై ఏళ్లుగా వాడుతున్నా, పెన్సిలిన్‌కు పూర్తిగా ఎదురు తిరిగిన గ్రూప్ ఏ స్ట్రెప్ రోగుల్లో ఇప్పటిదాకా దొరకలేదు. దానికి బీటా లాక్టమేజ్ లేదు. గోడ ప్రోటీన్లలో చిన్న మార్పులతో స్పందన కొద్దిగా తగ్గిన రకాలు ఇటీవల బయటపడ్డాయి. వాటిని జాగ్రత్తగా గమనించాలి, కానీ చికిత్స మార్చుకోవాల్సినంత కాదు.

పాత మందు రాశారని డాక్టర్‌ను తక్కువ చేయకండి. గొంతు స్ట్రెప్‌కు పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ రాయడమే సరైన వైద్యం.

అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసుకుంటే సరిపోతుంది. అది తేలిక కాదా?

మింగడానికి తేలికే, ఇబ్బంది తర్వాత వస్తుంది. అజిత్రోమైసిన్ సగం తగ్గడానికి ఒంట్లో సుమారు 68 గంటలు పడుతుంది. చివరి మాత్ర తర్వాత కూడా చాలా రోజులపాటు, బ్యాక్టీరియాను చంపడానికి చాలనంత తక్కువ స్థాయిలో మందు కణజాలంలో మిగిలి ఉంటుంది. నిరోధకత ఉన్న రకాలు ఎదగడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

దీన్ని ఆరోగ్యవంతుల్లోనే పరీక్షించారు. 2007లో వెలువడిన ఒక బెల్జియం అధ్యయనంలో వాలంటీర్లకు అజిత్రోమైసిన్‌ను గానీ క్లారిత్రోమైసిన్‌ను గానీ ఒకే ఒక్క కోర్సు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే వాళ్ల గొంతులోని స్ట్రెప్టోకాకస్‌లలో మాక్రోలైడ్‌కు లొంగనివాటి వాటా 50 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. ఆరు నెలలు గడిచినా ఆ ప్రభావం పూర్తిగా పోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయోటిక్‌లను మూడు వర్గాలుగా విడదీస్తోంది: ముందుగా వాడాల్సినవి, నిఘా పెట్టి వాడాల్సినవి, ఆఖరి అస్త్రాలుగా దాచాల్సినవి. అమాక్సిసిలిన్ మొదటి వర్గంలో ఉంది. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ రెండో వర్గంలో ఉన్నాయి. 2024లో అదే సంస్థ ప్రకటించిన ప్రాధాన్య బ్యాక్టీరియా జాబితాలో మాక్రోలైడ్‌లకు లొంగని గ్రూప్ ఏ స్ట్రెప్, న్యుమోకాకస్‌లు, ఆంపిసిలిన్‌కు లొంగని హీమోఫిలస్ ఉన్నాయి.

కోరింత దగ్గుకు, పెన్సిలిన్‌తో తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లకు మాక్రోలైడ్ కావాలి. వాళ్ల కోసమైనా ఈ మందును మామూలు జలుబు మీద తగలేయకూడదు.

క్లావులానిక్ కలిపిన అమాక్సిసిలిన్ మామూలు దానికన్నా మెరుగైనదేనా?

బీటా లాక్టమేజ్ ఉన్న బ్యాక్టీరియా మీద మాత్రమే. గ్రూప్ ఏ స్ట్రెప్‌కు ఆ ఎంజైమే లేదు, న్యుమోకాకస్‌కూ లేదు. అక్కడ క్లావులానిక్ వల్ల ఒరిగేది ఏమీ ఉండదు, విరేచనాలు తప్ప. గత 30 రోజుల్లో అమాక్సిసిలిన్ వాడిన పిల్లలకు, చెవి నొప్పితో పాటు కళ్లలో పుసులు కారుతున్న పిల్లలకు (ఇది హీమోఫిలస్ లక్షణం) కలిపిన మందు సబబు.

ఈ మందులో ఒక లెక్క తరచుగా తప్పుతుంది. అమాక్సిసిలిన్ 250 మి.గ్రా. ఉన్న మాత్రలోనూ, 500 మి.గ్రా. ఉన్న మాత్రలోనూ క్లావులానిక్ 125 మి.గ్రా.లే. పెద్దది దొరకలేదని చిన్నవి రెండు వేసుకుంటే క్లావులానిక్ రెట్టింపై కడుపు పాడవుతుంది. సిరప్‌లలోనూ ఇదే సమస్య. అమాక్సిసిలిన్, క్లావులానిక్‌ల నిష్పత్తి కొన్నిటిలో 4:1, కొన్నిటిలో 7:1, ఎక్కువ డోసు కోసం తయారైన దానిలో 14:1. కిలోకు 90 మి.గ్రా. అమాక్సిసిలిన్ ఇవ్వాలంటే 14:1 రకంలో కిలోకు 6.4 మి.గ్రా. క్లావులానిక్ వెళ్తుంది, 4:1 రకంలో 22.5 మి.గ్రా. వెళ్తుంది. కాబట్టి షాపులో రాసిన సీసా లేదని అదే పేరున్న ఇంకోటి ఇస్తే, డాక్టర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి.

చీమిడి పచ్చగా వస్తోంది. బ్యాక్టీరియా చేరినట్టేనా?

కాదు. ఆ రంగు తెల్ల రక్తకణాల్లోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది. వైరస్ జలుబులో కూడా రెండు మూడు రోజులకు చీమిడి చిక్కబడి పసుపు, ఆకుపచ్చ రంగులకు తిరిగి, మళ్లీ పలచబడుతుంది. రంగును కాక, రోజులను లెక్కపెట్టండి.

ఎన్ని రోజులు ఆగవచ్చు?

సైనస్ విషయంలో మూడు గుర్తులు చూస్తారు. ముక్కు దిబ్బడ, చీమిడి ఏమాత్రం తగ్గుముఖం పట్టకుండా 10 రోజులు దాటడం ఒకటి. మొదటి నుంచే 39 డిగ్రీల సెల్సియస్ జ్వరం, చీము లాంటి చీమిడి లేదా ముఖం నొప్పితో వరుసగా మూడు నాలుగు రోజులు ఉండటం రెండోది. తగ్గుతోంది అనుకున్న జలుబు ఐదారు రోజులకు మళ్లీ జ్వరంతో తిరగబెట్టడం మూడోది. వీటిలో ఏదైనా ఉంటే బ్యాక్టీరియాను అనుమానించాలి.

చెవి నొప్పిలో వయసు ముఖ్యం. ఆరు నెలల లోపు పసికందులకు వెంటనే యాంటీబయోటిక్ ఇస్తారు. రెండేళ్లు దాటిన పిల్లలకు నొప్పి ఓ మోస్తరుగా ఉండి, జ్వరం 39 డిగ్రీల లోపు ఉంటే, నొప్పి మందు ఇస్తూ 48 నుంచి 72 గంటలు చూడవచ్చు. చెవి కారుతుంటే ఆగకూడదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో రెండు చెవులకూ ఉంటే మందు మొదలుపెడతారు, ఒక్క చెవికే తేలిగ్గా ఉంటే గమనించవచ్చు. కొందరు డాక్టర్లు చీటీ ముందే రాసి, ‘రెండు రోజులకు తగ్గకపోతేనే కొనండి’ అంటారు. ఇది నిర్లక్ష్యం కాదు, మంచి పద్ధతి.

మామూలు జలుబు 7 నుంచి 10 రోజులు, దాని వెంట వచ్చే దగ్గు మూడు వారాల దాకా ఉండటం సహజం.

గొంతు నొప్పి స్ట్రెప్ వల్లనో కాదో ఎలా తేలుస్తారు?

చూడగానే చెప్పడం అనుభవం ఉన్న డాక్టర్‌కూ కష్టమే. అందుకే పాయింట్ల లెక్క వాడతారు. 38 డిగ్రీలు దాటిన జ్వరానికి 1, టాన్సిల్స్ వాపుకు లేదా వాటి మీద చీముకు 1, మెడ ముందు వైపు నొక్కితే నొప్పి పుట్టే బిళ్లలకు 1, దగ్గు లేకపోవడానికి 1. వయసు 3 నుంచి 14 మధ్య ఉంటే ఇంకో 1 కలుపుతారు, 45 దాటితే 1 తీసేస్తారు. మొత్తం 0 లేదా 1 వస్తే పరీక్షే అక్కర్లేదు. 2, 3 వస్తే పరీక్ష చేసి చూడాలి. 4 లేదా 5 వచ్చినా అది స్ట్రెప్ అవడానికి అవకాశం సగానికి అటూ ఇటూగానే ఉంటుంది కనుక పరీక్ష దొరికే చోట చేయించడమే మేలు.

రాపిడ్ యాంటిజెన్ పరీక్ష నిమిషాల్లో తేలుతుంది. పాజిటివ్ వస్తే దాదాపు నమ్మవచ్చు. కానీ ఉన్న స్ట్రెప్‌లో వందకు 15 దాకా దీనికి దొరకవు. పిల్లల్లో నెగెటివ్ వస్తే గొంతు కల్చర్ (గొంతు నుంచి తీసిన నమూనాలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం) చేయడం అందుకే, దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈ ఆలస్యానికి భయపడనక్కర్లేదు. జబ్బు మొదలైన 9 రోజుల్లోపు మందు మొదలుపెడితే రుమాటిక్ జ్వరాన్ని (స్ట్రెప్ తర్వాత వచ్చి గుండెను దెబ్బతీయగల జబ్బు) అడ్డుకోవచ్చు. స్వాబ్ రెండు టాన్సిల్స్‌నూ, గొంతు వెనక గోడనూ తాకాలి. నాలుక మీద, బుగ్గ లోపల రాస్తే ఉన్నది కూడా దొరకదు. తీసే ముందు యాంటీబయోటిక్ ఒక్క డోసు వేసుకున్నా ఫలితం తప్పవచ్చు.

నొప్పి తగ్గగానే మందు ఆపేయవచ్చా?

జబ్బును బట్టి ఉంటుంది. గొంతు స్ట్రెప్‌కు అమాక్సిసిలిన్ రోజుకు కిలోకు 50 మి.గ్రా. (గరిష్ఠంగా 1000 మి.గ్రా.) 10 రోజులు ఇవ్వడం ఎక్కువ చోట్ల పాటించే పద్ధతి. మూడో రోజుకే నొప్పి పోతుంది, బ్యాక్టీరియా మాత్రం పోదు. ఇక్కడ కోర్సు పూర్తి చేయాల్సిందే. పెద్దల సైనసైటిస్‌కు 5 నుంచి 7 రోజులు చాలు. చెవికి రెండేళ్ల లోపు పిల్లల్లో 10 రోజులు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు 7 రోజులు, ఆపై వయసుకు 5 నుంచి 7 రోజులు.

‘ఎన్ని ఎక్కువ రోజులు వాడితే అంత మంచిది’ అనే పాత నమ్మకం సరికాదు. అవసరానికి మించి వాడిన ప్రతి రోజూ ఒంట్లోని ఇతర బ్యాక్టీరియాకు నిరోధకత నేర్పే రోజే. రాసినన్ని రోజులు వాడండి, అంతకన్నా ముందే ఆపాలనిపిస్తే డాక్టర్‌ను అడిగి ఆపండి. మిగిలిన మాత్రలు వచ్చే ఏడాది కోసం దాచకండి.

సిరప్ ఇవ్వడంలో ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

చాలా చోట్ల జరుగుతాయి. వాటిలో చాలావరకు బయటికి నిరోధకతలాగే కనిపిస్తాయి.

12 కిలోల పాపకు చెవి ఇన్ఫెక్షన్‌కు కిలోకు 80 మి.గ్రా. చొప్పున రోజుకు 960 మి.గ్రా., అంటే పూటకు 480 మి.గ్రా. అమాక్సిసిలిన్ కావాలి. సీసా 5 మి.లీ.కి 250 మి.గ్రా. రకమైతే అది 9.6 మి.లీ. అదే 125 మి.గ్రా. రకమైతే 19 మి.లీ. దాటుతుంది. సీసా మారినా కొలత మార్చకపోతే పాపకు అందేది సగం డోసే. మార్పు చెందిన న్యుమోకాకస్‌కు సగం డోసు సరిపోదు. పైగా 9.6 మి.లీ. చొప్పున పది రోజులకు 192 మి.లీ. కావాలి. 100 మి.లీ. సీసా ఒక్కటే కొంటే ఐదో రోజుకు ఖాళీ అవుతుంది, చాలా ఇళ్లలో కోర్సు అక్కడితో ఆగిపోతుంది.

పొడి సీసాను ముందు తట్టి పొడిని వదులు చేయండి. కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి బాగా కుదపండి, తర్వాత గీత దాకా నింపి మళ్లీ కుదపండి. గీత నురగకు కాదు, నీటికి చూడాలి. కలిపాక అమాక్సిసిలిన్ 14 రోజులు, క్లావులానిక్ కలిపినది ఫ్రిజ్‌లో 7 రోజులే నిలుస్తాయి. పది రోజుల కోర్సుకు రెండో సీసా అవసరమైనప్పుడే కలుపుకోవాలి. క్లావులానిక్ తేమకు, వేడికి త్వరగా చెడుతుంది. ప్రతిసారీ సీసా కుదపకపోతే మొదట్లో పలచగా, అడుగున చిక్కగా వస్తుంది. వంటింటి చెంచాతో కాకుండా సిరంజితో కొలవండి.

మందు మొదలుపెట్టి మూడు రోజులైనా తగ్గలేదు. నిరోధకతేనా?

కావచ్చు, కానీ అది మొదటి అనుమానం కాకూడదు. అసలు జబ్బు వైరస్‌ది అయి ఉండటమే ఎక్కువ. గొంతులో స్ట్రెప్ ఊరికే కాపురం ఉన్న పిల్లాడికి వైరస్ జలుబు వస్తే పరీక్ష పాజిటివ్ వస్తుంది, మందు మాత్రం పనిచేసినట్టు కనిపించదు. యుక్తవయసు వాళ్లలో గ్రంథి జ్వరం (మోనోన్యూక్లియోసిస్ అనే వైరస్ జబ్బు) కూడా అచ్చం స్ట్రెప్‌లాగే ఉంటుంది. దానికి అమాక్సిసిలిన్ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు, దాన్ని అలర్జీ అని పొరబడతారు. ఆ తర్వాత డోసు, పూటలు తప్పడం, లోపల చీము గడ్డ కట్టడం చూడాలి. ఇవేవీ కాకపోతే అప్పుడు నిరోధకతను అనుమానించి, కల్చర్ చేసి, మందు మార్చాలి. సొంతంగా ఇంకో యాంటీబయోటిక్ కలుపుకోవడం మాత్రం వద్దు.

కల్చర్ రిపోర్టులో ఎస్, ఐ, ఆర్ అని ఉంటాయి. ఏమిటవి?

ఎస్ అంటే మామూలు డోసుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ‘ఐ’ని ‘సగం సగం’ అని చదవకండి. యూరప్ ప్రమాణాల్లో 2019 నుంచి దాని అర్థం ‘డోసు పెంచితే లొంగుతుంది’ అని. ఎరిత్రోమైసిన్‌కు ఆర్, క్లిండామైసిన్‌కు ఎస్ అని వస్తే ల్యాబ్ ‘డీ టెస్ట్’ చేసిందా అని అడగండి. ఎర్మ్ జన్యువు కొన్నిసార్లు మాక్రోలైడ్ తగిలాకే మేల్కొంటుంది. ఆ పరీక్ష పాజిటివ్ అయితే క్లిండామైసిన్‌ను నమ్ముకోలేం.

పెన్సిలిన్ అలర్జీ ఉందని చిన్నప్పుడు చెప్పారు. ఇప్పుడెలా?

మళ్లీ పరీక్ష చేయించుకోండి. అలర్జీ ఉందని రాసుకున్నవాళ్లలో 90 శాతానికి పైగా పరీక్షించి చూస్తే పెన్సిలిన్ బాగానే పడుతుంది. ఆ పాత ముద్ర వల్ల జీవితాంతం మాక్రోలైడ్‌లు, క్వినోలోన్‌లు (సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి) మింగాల్సి వస్తుంది. మందు వేసుకున్న గంటలోపు ఆయాసం, పెదవుల వాపు, స్పృహ తప్పడం జరిగి ఉంటే మాత్రం అలర్జీ నిపుణుల దగ్గరే తేల్చుకోవాలి, ఇంట్లో ప్రయోగం చేయకూడదు.

ఒకసారి వచ్చిన నిరోధకత తగ్గే దారి ఉందా?

ఉంది. ఫిన్లాండ్‌లో 1990ల మొదట్లో ఎరిత్రోమైసిన్‌కు లొంగని గ్రూప్ ఏ స్ట్రెప్ పెరిగిపోతే, మాక్రోలైడ్‌లు తగ్గించి వాడమని దేశవ్యాప్తంగా డాక్టర్లకు సూచించారు. లొంగని రకాల వాటా 1992లో 16.5 శాతం ఉండగా 1996కల్లా 8.6 శాతానికి దిగింది. అన్ని బ్యాక్టీరియాలూ ఇంత త్వరగా వెనక్కి తగ్గవు, అయినా వాడకం తగ్గిస్తే ఫలితం ఉంటుందనడానికి ఇది గట్టి రుజువు.

టీకాలది ఇంకో దారి. న్యుమోకాకస్‌లో మందులకు లొంగని రకాలు కొన్ని సీరోటైప్‌లలోనే (పైపొరను బట్టి విడదీసే ఉపరకాలు) గుమిగూడి ఉంటాయి. 2000లో అమెరికాలో ఏడు సీరోటైప్‌ల టీకా మొదలయ్యాక లొంగని న్యుమోకాకస్ తీవ్ర వ్యాధులు తగ్గాయి. టీకాలో లేని 19ఏ అనే రకం ఆ ఖాళీలో పెరిగింది, దాన్నీ చేర్చిన పదమూడు రకాల టీకా 2010లో వచ్చింది. ఫ్లూ టీకా బ్యాక్టీరియాను తాకదు కానీ, జ్వరం రానప్పుడు అనవసరపు యాంటీబయోటిక్ చీటీ కూడా ఉండదు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలేవి?

ఊపిరి పీల్చేటప్పుడు గుర్రుమని శబ్దం రావడం, మింగలేక చొంగ కారడం, నోరు తెరవలేకపోవడం, గొంతులో ఒక పక్కే బాగా ఉబ్బి మాట ముద్దగా రావడం. కంటి చుట్టూ వాపు, చెవి వెనక ఎముక మీద వాపు, మెడ బిగుసుకుపోవడం, మత్తుగా పడి ఉండటం. మూడు నెలల లోపు పసికందుకు 38 డిగ్రీల జ్వరం. టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర కనిపించి, గీస్తే రక్తం వస్తుంటే అది డిఫ్తీరియా (కంఠసర్పి) కావచ్చు. దానికి యాంటీబయోటిక్ ఒక్కటే చాలదు, యాంటీటాక్సిన్ (ఆ బ్యాక్టీరియా వదిలే విషానికి విరుగుడు) పడాలి. ల్యాబ్ ఫలితం కోసం ఎదురుచూడకుండా, అనుమానం వచ్చిన వెంటనే దాన్ని మొదలుపెట్టే ఏర్పాటున్న ఆసుపత్రికి చేర్చాలి.